రక్తపిశాచికి సంతకం ఎందుకు?

దయ్యాలకి ఒక మర్యాద ఉంది. పిలవని ఇంట్లోకి రావు.

1990ల్లో మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా ఆదోని దాటి కాస్త దూరం పోతే కర్ణాటక. అక్కడ అదే మాట కన్నడంలో "నాళె బా". కథ ప్రకారం ఆ దయ్యం రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది. మనవాళ్లే కదా అని తలుపు తీస్తే అంతే సంగతులు. తలుపు విరగ్గొట్టుకుని వచ్చెయ్యొచ్చు కదా? రాదు. గడియ తీసింది మనమే కావాలి. యూరప్ రక్తపిశాచి కథల్లో కూడా ఇదే నియమం కనిపిస్తుంది: ఇంటివాళ్లు రమ్మంటేనే గడప దాటుతుంది.

రాబర్ట్ ఎగర్స్ తీసిన 'నోస్ఫెరాటు' చూసినప్పటి నుంచి నన్ను వదలనిది ఈ నియమమే. అంత బలమున్నవాడికి మన ఒప్పుదలతో పనేంటి?

(కథ మొత్తం చెప్పకుండా ఈ ప్రశ్న గురించి మాట్లాడలేను. సినిమా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.)

ముందు కొంచెం చరిత్ర. 1922లో మూర్నౌ తీసిన మూకీ సినిమా 'నోస్ఫెరాటు'కి మూలం 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'. హక్కులు కొనలేదు. పేర్లు మార్చి, డ్రాకులాని ఓర్లాక్ చేసి తీసేశారు. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ కోర్టుకెక్కింది. 1925లో జర్మనీ కోర్టు ప్రింట్లన్నీ నాశనం చెయ్యమంది. ఎక్కడెక్కడో మిగిలిన కాపీల వల్లే ఆ సినిమా మనదాకా వచ్చింది. 1979లో వెర్నర్ హెర్జోగ్ మళ్లీ తీశాడు. 2024లో ఎగర్స్. అనుమతి అడక్కుండా పుట్టిన సినిమా, వందేళ్ల తర్వాత కొత్త రూపంలో అనుమతి గురించే మాట్లాడుతోంది.

మూడిట్లోనూ ముగింపు సుమారుగా ఒకటే. ఒక స్త్రీ పిశాచిని తెల్లారేదాకా తన దగ్గర ఆపుతుంది. పొద్దు పొడుస్తుంది, వాడు చస్తాడు, ఆమె కూడా చనిపోతుంది. మూర్నౌ సినిమాలో ఎలెన్ ఒక పుస్తకంలో ఈ ఉపాయం చదివి, తనే కిటికీ తెరుస్తుంది. అది త్యాగం. ఊరు బాగుపడుతుంది. హెర్జోగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ త్యాగం వృథా అవుతుంది: ఆమె ప్రాణమిచ్చి ఒక పిశాచిని చంపితే, భర్తే ఇంకో పిశాచి అయి గుర్రమెక్కి వెళ్లిపోతాడు.

ఎగర్స్ ఒక షరతు పెట్టాడు. ఇతని ఓర్లాక్‌కి ఎలెన్ శరీరం దొరికితే చాలదు, ఆమె తన ఇష్టంతో సరే అనాలి. అందుకు మూడు రాత్రులు గడువు. ఒప్పుకోకపోతే చుట్టూ ఉన్నవాళ్లు చస్తారు. రెండో రాత్రి ఆమె స్నేహితురాలిని, ఇద్దరు పసిపిల్లల్నీ చంపి చూపిస్తాడు కూడా. మూడో రాత్రి ఆమె సరే అంటుంది.

ఆ సరేని ఇష్టం అనొచ్చా?

చటుక్కున కాదు అనేస్తాం. కానీ అదే సినిమాలో ఇంకో సంతకం ఉంది. ఎలెన్ భర్త థామస్, ఓర్లాక్ కోటలో తనకి రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, బంగారం సంచీ తీసుకుంటాడు. భార్య మీద హక్కు వదులుకుంటున్నానని అందులో రాసుందని తర్వాత తెలుస్తుంది. థామస్ చెడ్డవాడు కాదు. కొత్తగా పెళ్లయింది, అప్పుంది, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. 'ఐ అగ్రీ' బటన్ రోజుకి నాలుగుసార్లు నొక్కే మనం అతన్ని చూసి నవ్వలేం.

చదివి సంతకం పెడితే సమస్య తీరుతుందా? నా మొదటి ఉద్యోగంలో రెండేళ్ల బాండు రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి. ఆ కంపెనీ పేరు అనవసరం. ప్రతి లైనూ చదివాను. ఇంగ్లీషే, అర్థమైంది కూడా. ఇంటి మీద చదువు లోను ఉంది, చేతిలో ఇంకో ఆఫర్ లేదు. చదవడం వల్ల ఎందులో ఇరుక్కుంటున్నానో తెలిసిందంతే, ఇరుక్కోవడం ఆగలేదు.

నాది చాలా చిన్న ఉదాహరణ. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వానలు మొహం చాటేసిన ఏడు జనం సుగ్గికి పోతారు. పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికో, పత్తి తియ్యడానికో. లేదంటే బెంగళూరు కట్టడాల పనికి. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఎవరూ కొట్టి తీసుకుపోరు. "ఇష్టమైతేనే రండి" అంటారు. ఆ 'ఇష్టమైతే' అనే మాట ఎంత బరువుందో ఇంట్లో గింజలు అయిపోయినవాళ్లకే తెలుస్తుంది.

మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకి ఒకసారి సూటిగా జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసులో, 1982లో. కనీస వేతనం కన్నా తక్కువకి పని చెయ్యడం, కూలీ తనే వచ్చి చేరినా సరే, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందంది. బలవంతం అంటే కర్ర ఒక్కటే కాదు, ఆకలి కూడా బలవంతమే అని దాని సారాంశం. "మౌనం అర్ధాంగీకారం" అని నమ్మే దేశంలో ఇది చిన్న మాట కాదు.

మరి ఎలెన్‌ది కూడా చెల్లని ఒప్పుదలే అని ఫైలు మూసేద్దామా? ఇక్కడే నాకు ఇబ్బంది. అలా అంటే ఆమె చేసిన పనిని కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే. థామస్‌కి తెలియనిది ఓర్లాక్‌కి తెలుసు. చివరి రాత్రి ఓర్లాక్ పట్టించుకోనిది ఎలెన్ గుర్తుపెట్టుకుంది: తెల్లారుతుందని. వాడు అడిగిన మాటనే వాడి మెడకి చుట్టింది. బెదిరింపు కింద అన్న మాటే, అయినా ఆమె తెలివి, ఆమె ధైర్యం అందులో ఉన్నాయి. రెండూ నిజమే.

ఈ రెండు నిజాలూ మా ఇంట్లోనే ఉన్నాయి. మా అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. మా పెద్దమ్మ ఏడో తరగతిలో బడి మానేసి కండెలు చుట్టడానికి కూర్చుంది. మా మామ డిగ్రీ దాకా చదివాడు. ఆయన ఉద్యోగంతో మా అమ్మ చదువుకుంది, ఆ వరసలోనే నేను ఇంజనీరింగ్ చదివాను. నిన్ను మాన్పించారా పెద్దమ్మా అని అడిగితే ఆమెకి కోపం వస్తుంది. "ఎవురు మాన్పిస్తారు రా నన్ను? నేనే ఇడిసిపెట్టినా" అంటుంది. పన్నెండేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది అని నేననొచ్చు. అంటే, అరవై ఏళ్లుగా ఆమె తనదని చెప్పుకుంటున్న ఒక్క నిర్ణయం కూడా ఆమెది కాదని తేల్చినట్టు. అననూలేను, ఆమె ఇష్టమేలే అని నిశ్చింతగా ఉండనూలేను.

నాకు తోచిన దారి ఒకటి. సరే అన్నవాళ్లని "నిజంగా ఇష్టమేనా" అని నిలదీయడం మానేసి, అడిగినవాళ్ల వైపు తిరగాలి. కాదంటే ఏమయ్యేది? ఆ కాదుకి అంత ధర పెట్టిందెవరు? ఓర్లాక్ విషయంలో జవాబు తేలిక. మూడు రాత్రుల గడువు వాడు పెట్టిందే, శవాలు వాడు పేర్చినవే. అప్పుడు ఎలెన్ ధైర్యం ఎలెన్‌కే ఉంటుంది, నేరం వాడికే ఉంటుంది. సంతకం ఉన్నా సరే. నిజానికి వాడికి సంతకం కావాల్సింది అందుకే. "నువ్వే కదా ఒప్పుకున్నావు" అనడానికి. చేసిన పాపంలో సగం ఆమె పేరున రాయడానికి.

కాదు అనడం చవకైన చోటే సరేకి విలువ ఉంటుంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టడాన్ని నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. నూలిచ్చేదీ, బట్ట కొనేదీ, అప్పిచ్చేదీ ఒకే షావుకారు అయినప్పుడు నేతగాడి సరేకి అర్థం లేదు. నూలు ఇంకోచోట కూడా దొరుకుతుందంటే, అదే నేతగాడు అదే షావుకారుకి అదే సరే చెప్పినా అది వేరే మాట అవుతుంది. మనిషి మారలేదు, పక్కన ఇంకో తలుపు తెరుచుకుందంతే.

ఎగర్స్ సినిమాలో ఆ ఇంకో తలుపు ఎవరూ వెతకరు. నాకు ఓర్లాక్ కన్నా ఎక్కువ భయం వేసింది అక్కడే. విలెమ్ డఫో వేసిన ప్రొఫెసర్ ఫాన్ ఫ్రాంజ్ మంచివాడు, ఎలెన్‌ని పిచ్చిదనకుండా నమ్మిన ఒకే ఒక్కడు. ఆమె ఏం చెయ్యబోతోందో అతనికి తెలుసు. తెలిసే, పిశాచిని వేటాడదామని థామస్‌ని వేరే చోటికి తీసుకుపోతాడు, ఆమెకి అడ్డు రాకుండా. ఊరు బతుకుతుంది. ఓర్లాక్ ఆమెని ఒప్పుకోమని బెదిరించాడు, మంచివాళ్లు ఆమె ఒప్పుకున్నందుకు దణ్ణం పెట్టారు.

త్యాగమూర్తి అని మనం ఎవరికి దణ్ణం పెట్టినా, ఆ పూట వాళ్లకి ఇంకో దారి చూపించాల్సిన పని ఎవరిదో కూడా అడగాలి. మా పెద్దమ్మ విషయంలో ఆ పని పన్నెండేళ్ల పిల్లది మాత్రం కాదు.