గోకితే సుఖం, మందుతో మగత

నరం దెబ్బతిని పుట్టే దురదకు మొదట్లో చర్మం మీద ఆనవాలు ఉండదు. సర్పి తగ్గిపోయిన చోట, ముంజేతి మీద, వీపున రెక్క ఎముక పక్కన అది నెలలు, ఏళ్లు నిలిచిపోతుంది. దద్దుర్లకు వేసుకునే సెట్రిజిన్ వంటి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. గోకితే క్షణం హాయి, ఆ వెంటనే మంట, మళ్లీ దురద.

ఆ క్షణం హాయి సుఖమేనా అన్నది పాత ప్రశ్న. జీవితమంతా తనివితీరా గోక్కుంటూ గడిపినవాడు సుఖంగా బతికినట్టేనా అని ప్లేటో ‘గోర్గియాస్’లో సోక్రటీసు అడుగుతాడు. గోకితే సుఖమే, దురదే లేకపోతే అంతకన్నా సుఖమని నాగార్జునుడి ‘రత్నావళి’ జవాబిస్తుంది. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు సంసార సుఖాలను చేతుల దురద గోక్కోవడంతో పోలుస్తాడు. వీళ్లందరికీ దురద కోరికకు ఉపమానం. అయితే కోరికను వివేకంతో వదులుకోవచ్చు గానీ, నరం పంపే సంకేతం వైరాగ్యానికి లొంగదు. గోకిన చేతిని తప్పుపట్టడం అన్యాయం. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం ఈ తేడా ఎరిగినదే: దురద, పుండ్లు ఉన్న భిక్షువుకు మందు చూర్ణాలనూ, ప్రత్యేకంగా ఒక వస్త్రాన్నీ అనుమతించింది, ఓర్చుకోమని వదిలేయలేదు.

నాగార్జునుడి మాట నిజమే, కానీ దురద లేని స్థితి ఊరికే రాదు. గబాపెంటిన్, ప్రీగాబలిన్ నరాల ఉద్రేకాన్ని తగ్గిస్తూ మగత, తల తిరుగుడు తెస్తాయి. పెద్దవయసువారు తూలి పడవచ్చు. మూత్రపిండాలు బలహీనమైతే మోతాదు తగ్గించాలి. మిరపకారంలోని క్యాప్సైసిన్ పూత మనసును మబ్బు పట్టించదు, కాకపోతే మొదటి రోజుల్లో బాగా మండుతుంది, రోజుకు చాలాసార్లు రాయాలి. లిడోకెయిన్ పూత కొన్ని గంటలే మొద్దుబారుస్తుంది.

దురద ఎంతుందో 0 నుంచి 10 వరకు అంకె చెప్పమని వైద్యులు అడుగుతారు. పోయిన మెలకువకూ ఒక అంకె చెప్పవచ్చు, కానీ రెండూ ఒకే తక్కెడలో తూగవు. రాత్రంతా నిద్రలేనివారికి ఆ మగతే వరం. తెల్లవారుజామున పారాయణకు కూర్చునేవారికీ, లారీ నడిపేవారికీ అదే పెద్ద నష్టం. కొంత దురదను భరించి తేటగా ఉండాలనుకోవడం మూర్ఖత్వం కాదు. ఆ ఓర్పును తపస్సు పేరుతో మరొకరి మీద రుద్దడం మాత్రం క్రూరత్వమే. మందు ఏం చేస్తుందో చెప్పవలసినది వైద్యుడు, ఎంత మగతకు ఎంత ఊరట చాలునో చెప్పవలసినది ఆ శరీరంలో ఉన్న మనిషి. ఆ జవాబు ఒక్కసారితో తేలదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొన్ని వారాలు చూసి, పెంచాలో మెల్లగా మానాలో మళ్లీ అడగాలి.