పాగ నేయువాని వీరము

కొన్నియేండ్ల క్రిందట నొక విద్యార్థి తరగతిలో లేచి నన్నిట్లు ప్రశ్నించెను: "అయ్యవారూ! మన మెడలో లింగమున్నది గదా. మరి శివరాత్రికి శ్రీశైలమున కేల పోవలెను?" పాఠము చెప్పుచున్న నాకు వెంటనే సమాధానము తోచలేదు. "పిదప చెప్పెదను" అని తప్పించుకొంటిని. ఆ బాకీ నేటికిని తీరలేదు.

ప్రశ్న చిన్నది కాదు. బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమును మిన్నగా నెంచినవాడు. దేహమునే దేవాలయముగా భావింపు మన్నవాడు. అట్టివాని మార్గమున నడచువారము కొండలెక్కి జాతరలు చేయుట యేమి న్యాయము? అయినను, కరతలమున లింగమును ధరించిన అక్కమహాదేవియే కదలీవనమును వెదకుకొనుచు శ్రీగిరికి వచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణ మని యొక భాగమునే ఆ కొండకు కేటాయించెను. కాబట్టి పోవుట తప్పుకాదు. అచ్చటి కేమి కొనిపోవుచున్నా మనునదియే విచారింపదగినది.

శ్రీశైల దేవాలయమున వీరశిరోమండప మొకటి కలదు. 1377లో రెడ్డిరాజైన అనవేమారెడ్డి దానిని కట్టించెను. భక్తులు ఆవేశముతో తమ శిరస్సులను, నాలుకలను తామే ఖండించుకొని మల్లికార్జునున కర్పించిన తావది. నేడా యాచారము లేదు. కాని ఉగాది దినములలో కన్నడ దేశమునుండి వేలాది భక్తులు అడవులు దాటి కాలినడకన వచ్చి, భ్రమరాంబను తమ యింటి యాడపడుచుగా నెంచి పసుపు కుంకుమలు, చీరలు సమర్పింతురు. వారిలో కొందరు శస్త్రములు గ్రుచ్చుకొందురు, అగ్నిగుండము త్రొక్కుదురు. వారిని తక్కువచేసి మాటాడుట నాకు చేతకాదు. నిప్పులపై నడచువానిని చూచినప్పుడు నా యొడలు గగుర్పొడుచును. అయితే ఆ వీరము గడియ సేపటిది. తక్కిన సంవత్సర మాతడెట్లు జీవించెనో నిప్పు చెప్పదు.

ఇక శివరాత్రినాటి పాగ సంగతి. చీరాల ప్రాంతపు నేతగాండ్ర కుటుంబము వారు దీనిని నేయుచుందురు. దినమున కొక మూర చొప్పున, ఏడాది పొడుగునను నేసిన 365 మూరల వస్త్రమది. లింగోద్భవ కాలమున ఆలయమందలి దీపములన్నియు నార్పుదురు. నేసినవాడు దిగంబరుడై ఆ చిమ్మచీకటిలో గర్భాలయ శిఖరమునుండి ముఖమండపముపై నున్న నందులను చుట్టుచు పాగ నలంకరించును. పిమ్మట కల్యాణము. పెండ్లికుమారునకు తలపాగ చుట్టుట మన యిండ్లలోని వేడుకయే గదా!

నన్నాకర్షించినది ఆ చీకటికంటెను "దినమున కొక మూర" అను నియమము. చేయి తిరిగిన నేతగానికి మూరెడు నేయుట గొప్ప పనికాదు. కావలెనన్న కొలది దినములలో నంతయు ముగించి, మిగిలిన కాలము హాయిగా నుండవచ్చును. అట్లు చేయరాదు. జ్వరము వచ్చినను, ఇంట శుభకార్యమున్నను, మనస్సు బాగులేకున్నను ఆనాటి మూర ఆనాడే నేయవలెను. అయిదక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యము నేరుకొనుట కాయకముగా గలవాడు. ఒకనాడాతడు అలవాటుకంటె నెక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ, మిగులుబియ్యము తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెనట. కాయకమునకు తక్కువ యెట్లు దోషమో, ఎక్కువయు నట్లే దోషమని ఆ తల్లి యెరిగినది. ఈ మూరెడు నియమమున నాకా లక్కమ్మ మాటయే వినిపించును. బసవేశ్వరునికి పూర్వుడైన జేడర దాసిమయ్య నేతగాడే గదా. మగ్గపు గుంటలో కూర్చుండియే శివుని గన్నవాడు.

బియ్యపు గింజవలె కొలచిన భక్తి ఆవేశము లేని చప్పిడి భక్తి కాదా యని మిత్రుడొకడు నాతో వాదించెను. ఆవేశము లేదనుట నిజమే. నేను ముప్పదియేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచున్నాను. వార్షికోత్సవమున గంట సేపు అనర్గళముగా నుపన్యసించుట నాకు సులభము. నూరవసారి సంధిసూత్రమును తొలిసారివలె చెప్పుటయే కష్టము. తప్పించుకొన్న దినములు నాకు లెక్కకు మించి యున్నవి. మూరెడు నేయని దినము లవి.

ఆ విద్యార్థి నేడు కనబడినచో, శివరాత్రికి కొండకు పొమ్మనియే చెప్పుదును. దీపములారు వేళ ముఖమండపమువైపు కన్నార్పక చూడుమందును. అతని కేమియు కనబడదు. దీపములు మరల వెలుగునప్పటికి పాగ శిఖరముపై నుండును; చుట్టినవాడు జనములో కలిసిపోయి యుండును. రానున్న శివరాత్రి పాగకు ఇంక 365 మూరలును నేయవలసియే యుండును.