జవాబు దొరికితే చదువు వచ్చినట్లేనా?

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాల కోసమని పిల్లల చేతికి ఫోను ఇచ్చాం. బడులు తెరిచారు, ఫోను మాత్రం చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు వ్యాసం రాయమంటే యంత్రమే రాసి పెడుతోంది. బిడ్డ దాన్ని తన పేరుతో అప్పజెబుతాడు, మార్కులూ వస్తాయి. ఈ తప్పు బిడ్డ ఒక్కడిదేనా? జవాబుకే మార్కులు వేసే బడిది, మార్కులే అడిగే మనది కాదా?

హదీసువేత్తల పద్ధతి చూడండి. మాట ఎంత బాగున్నా సరే, "ఎవరి ద్వారా విన్నావు?" అని ముందు అడిగేవారు. ఆ ఉల్లేఖకుల గొలుసునే ఇస్నాద్ అంటారు. అందులో ఒక్కరి నిజాయితీ, జ్ఞాపకశక్తి సందేహాస్పదమైనా ఆ హదీసు బలహీనమైనదే. ఇమామ్ బుఖారీ (రహ్మలై) ఇందుకోసమే మక్కా, బస్రా, బగ్దాద్‌ల దాకా ప్రయాణించారు. మనమో, దైవప్రవక్త (స) పేరుతో ఫోనులో వచ్చిన మాటను ఏమీ విచారించకుండానే పదిమందికి పంపిస్తాం, అదీ పిల్లల కళ్ళెదుటే!

వినికిడి, చూపు, హృదయం వీటన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఆ విచారణ యంత్రానికి లేదు, మన బిడ్డకు ఉంది. కనుక ఉపాధ్యాయుడు కాగితం దిద్ది వదిలేయకుండా బిడ్డను నిలబెట్టి, "ఇది ఎక్కడిది? నిజమని నీకెలా తెలిసింది?" అని అడగాలి. తడబడినా సరే, సొంతంగా చెప్పిన దానికే మార్కులు వేయాలి. ఆ మార్కులు తగ్గి వచ్చిన రోజున ఇంట్లో మనం ఏమంటామన్నదే అసలు చిక్కు.