ఒట్టు

నాకప్పుడు తొమ్మిదేళ్లు. జంషెడ్‌పూర్‌లో, కద్మాలో క్వార్టరు. బి షిఫ్టుకి బయల్దేరుతూ జేబు తడుముకున్న నాన్నకి పది రూపాయల నోటు కనపడలేదు. నా వైపు తిరిగి, "తియ్యలేదని అమ్మ తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టు" అన్నారు. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నా చెయ్యి ఆవిడ జుట్టుకి తగలకముందే మణికట్టు పట్టేసుకుంది. "నిజమైతే ఒట్టెందుకండీ? అబద్ధమైతే ఒట్టేం చేస్తుంది?" అంది. నాన్న మాట్లాడకుండా సైకిలెక్కారు. నా మణికట్టు మీద తెల్లగా బియ్యపు పొడి, ఆవిడ వేళ్ల అచ్చుతో సహా.

ఈమధ్య ఇంగ్లండు చరిత్ర చదువుతుంటే ఆ తెల్లటి అచ్చు గుర్తొచ్చింది.

తండ్రి తల నరికిన దేశానికే 1660లో రాజుగా తిరిగొచ్చాడు రెండో చార్లెస్. వచ్చేముందు బ్రెడా అనే డచ్చి ఊరినుంచి ఒక మాటిచ్చాడు. దేశంలో శాంతికి భంగం రానంతవరకు, మతం విషయంలో ఎవర్నీ నిలదీయరని. పార్లమెంటు అందుకు చట్టం తెస్తే ఒప్పుకుంటానన్నాడు. ఆ తరవాత కొలువుదీరిన పార్లమెంటు తెచ్చినవన్నీ అందుకు తిరగేసిన చట్టాలే. 1662లో కొత్త ప్రార్థనా పుస్తకంలో ఉన్నదంతా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నామని బోధకులందరూ నలుగురి ముందూ చెప్పాలన్నారు. ఆ రెండేళ్లలో చర్చీలు పోగొట్టుకున్నవాళ్లు సుమారు 2,000 మంది.

చిల్లులు పడ్డ గిన్నెలకి మాట్లు వేసుకుని బతికే జాన్ బన్యన్ అంతకుముందే బెడ్‌ఫర్డ్ జైల్లో పడ్డాడు. ఇక బోధించనని ఒక్క మాటిస్తే తలుపు తీస్తామన్నారు. ఇవ్వలేదు. 12 ఏళ్లు. బిష్టుపూర్ రామమందిరంలో రామదాసు కీర్తన వినపడితే నాకీ లెక్కే తడుతుంది. దాదాపు ఆ కాలంలోనే గోల్కొండ చెరలో గోపన్న ఉన్నదీ 12 ఏళ్లేనని మనవాళ్లు చెప్పుకుంటారు. కాకపోతే గోపన్న మీద నేరం సర్కారు లెక్కల్లో ఉంది. బన్యన్ నేరం అతని నోట్లోనే ఉంది.

1672లో రాజు తనంతట తానే ఆ శిక్షల్ని నిలిపేశాడు. బన్యన్ బయటికొచ్చాడు. పార్లమెంటు మండిపడింది. చట్టాన్ని ఆపడానికి రాజెవరు? అటు చూస్తే డచ్చివాళ్లతో యుద్ధం, ఖజానాలో డబ్బు లేదు. ఏడాదికే ప్రకటన వెనక్కి తీసుకున్నాడు. ఆ వెంటనే వచ్చింది టెస్ట్ చట్టం. సర్కారు కొలువు కావాలంటే, ప్రార్థనలో ఇచ్చే రొట్టె క్రీస్తు శరీరంగా మారదని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. రాజు తమ్ముడు జేమ్స్ నౌకాదళానికి అధిపతి. ఆ పని చెయ్యలేక పదవి వదులుకున్నాడు. అతను కాథలిక్కని దేశమంతటికీ అలా తెలిసింది.

ఇందులో ఎవరి పక్షాన నిలబడాలో నాకిప్పటికీ తెగదు. చట్టం రాజుగారి దయాదాక్షిణ్యాల మీద నడవకూడదన్నది న్యాయమైన మాట. ఆ న్యాయం మాట్లాడినవాళ్లే మనిషి గుండెలోకి దీపం పట్టుకుని వెతికారు. పోనీ రాజు మనసు తేటగా ఉందా అంటే, 1670లోనే ఫ్రాన్సు రాజు దగ్గర డబ్బుకి ఒప్పుకుని, సమయం చూసి కాథలిక్కునని ప్రకటిస్తానని రహస్యంగా రాసిచ్చాడు. 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు, రాజుని చంపడానికి కాథలిక్కులు కుట్ర పన్నారని ఒక కట్టుకథ చెప్పాడు. ఎందరో నిరపరాధులు ఉరికంబమెక్కారు. వాడు ప్రమాణం చేసే చెప్పాడు మరి.

మనకి అంత చట్టం అక్కర్లేదు. టాటానగర్‌లో రైలెక్కి విజయనగరం చేరేలోపు ఎదుటి సీటాయన ఇంటిపేరు అడుగుతాం, అది చాలక గోత్రందాకా తవ్వుతాం. నిజమైన భక్తుడివైతే పదిమందికి పంపమని ఫోన్లో సందేశం వస్తుంది. పంపకపోతే ఏమనుకుంటారోనని పంపేవాళ్లు నాకు తెలుసు. నేనూ ఒకసారి పంపాను.

మా ఊరు ఇంకా కాగితం మీద కూడా లేని 1902లో జంషెట్జీ టాటా కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశాడు. వీధులు వెడల్పుగా వెయ్యమని, నీడనిచ్చే చెట్లు నాటమని, గుళ్లకీ మసీదులకీ చర్చీలకీ చోటు కేటాయించమని. చోటు వదలమన్నాడే గానీ అందులోకి ఎవరు వెళ్తున్నారో రాసి పెట్టుకోమనలేదు. అందుకే ఆ ఉత్తరమంటే నాకిష్టం. అదీ ఒక పెద్దమనిషి దయే అనుకోండి; వందేళ్లు దాటినా జంషెడ్‌పూర్‌కి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. అంత వెడల్పు వీధుల ఊళ్లోనే 1979 ఏప్రిల్లో, రామనవమి ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న పంతం వందకి పైగా ప్రాణాలు తీసింది. మతసామరస్యం కోసం నిరాహార దీక్షకి కూర్చున్న ఉర్దూ కథకుడు జకీ అన్వర్ కూడా ఆ అల్లర్లలోనే పోయాడు.

చార్లెస్ 1685 ఫిబ్రవరిలో చనిపోయాడు. చివరి నాలుగేళ్లు పార్లమెంటుని పిలవనే లేదు. ఆఖరి రాత్రి బిషప్పుల్ని గదిలోంచి పంపించేశాక, వెనక మెట్ల మీదుగా ఒక ముసలి కాథలిక్ ఫాదరీని మారువేషంలో తీసుకొచ్చారు. పేరు హడిల్‌స్టన్. 1651లో యుద్ధంలో ఓడి పారిపోతున్న కుర్ర చార్లెస్‌ని కాపాడినవాళ్లలో ఆయనొకడు. పాతికేళ్లు దేశమంతా ఆరా తీసిన మాటని రాజు ఆయన చెవిలో చెప్పి కన్నుమూశాడు.

నాన్న రిటైరయ్యాక సాయంత్రాలు సోనారీలో దోముహానీ దగ్గరికి నడిచేవాళ్లం. ఖర్కాయీ వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు. అమ్మ పోయిన ఏడు ఒక రోజు రాతి మీద కూర్చుని చాలాసేపు నీళ్లవైపు చూసి, "ఒరే, ఆనాటి పది రూపాయలు..." అన్నారు. నేను నోరు తెరిచాను.

"వద్దులే, చెప్పకు" అని చెయ్యి అడ్డం పెట్టి, నా భుజం ఆసరాగా పట్టుకుని లేచారు.