గాలిమరలలో వాటాలు – గృహస్థుని అహింస

ఆచారాంగ సూత్రపు మొదటి అధ్యయనమున పృథ్వి, జలము, అగ్ని మొదలగువానిని దేహముగా గల జీవులను గూర్చి చెప్పి, కడపట వాయుకాయ జీవుల ప్రసంగము చేయబడినది. వాయువు ఉత్త జడము కాదు. స్పర్శ యను ఒక్క యింద్రియము గల జీవులకు అది శరీరము. మునులు విసనకఱ్ఱను సయితము వాడకుండుటకు కారణమిదియే. ఇట్టి సంప్రదాయమునకు చెందిన గృహస్థుడు గాలితో విద్యుచ్ఛక్తిని పుట్టించు కంపెనీల వాటాలను కొనవచ్చునా? కొన్నచో ఆ లాభము శుద్ధమైనదేనా?

శుద్ధమే యని వెంటనే చెప్పువారు పెక్కుమంది. వారి వాదమున బలము లేకపోలేదు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో మొదటిది అంగారకర్మ, అనగా బొగ్గు, నిప్పులతో సాగు జీవనము. బొగ్గు మండించి ఒక యూనిట్టు విద్యుత్తు తీయుటకు రమారమి ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియుచున్నది. గని త్రవ్వినచోట అడవి నశించును, నేల చీలును. గాలిమరకు ఈ దహనము లేదు. 2025లో భారతదేశమున గాలిమరల స్థాపిత శక్తి 50 వేల మెగావాట్లు దాటినది. అవి తిరుగునంతసేపు అంత బొగ్గు మండకుండ మిగులుచున్నది.

అయితే తక్కువ హింస వేఱు, అహింస వేఱు. దూరము నుండి చూచువానికి గాలిమర రెక్క తీరికగా తిరుగుచున్నట్లుండును గాని, పెద్ద మరలలో రెక్క కొన గంటకు 250 కిలోమీటర్లకు పైబడిన వేగమున పోవుచుండును. ఏకేంద్రియముల మాట అటుంచి, కంటికి కనబడు పంచేంద్రియ ప్రాణులను గూర్చియే విచారింతము. మహారాష్ట్రమున సతారా జిల్లా చాల్కేవాడి పీఠభూమిపై జరిగి 2018లో ప్రచురితమైన పరిశోధన ప్రకారము, మరలు లేనిచోట నున్న డేగలు, గ్రద్దలలో దాదాపు నాల్గవ వంతు మాత్రమే మరలున్నచోట కానవచ్చినవి. వేటపక్షులు తగ్గగా తొండజాతి ప్రాణులు పెరిగినవి. తొండలు బ్రదికినవి గదా, ఇదియు దయయే యని చమత్కరించువారుండవచ్చును. కాని సంఖ్య పెరిగిన తొండలకు తమలో తమకే పోటీ ముదిరినది. ఒక కొండ మీది జీవనమంతయు మాఱినది.

కర్నూలు సీమలోని రోళ్ళపాడు వలన తెలుగువారికి పరిచితమైన బట్టమేక పక్షి కథ మఱింత విషాదకరము. నేడు రాజస్థాన మరుభూమియే దానికి ప్రధానాశ్రయము. బరువైన దేహము, ఎదుటనున్నదానిని చక్కగా చూడలేని కన్నులు. గాలి విద్యుత్తును, సూర్య విద్యుత్తును మోయు తీగలను ఢీకొని అది చచ్చుచున్నది. 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ తీగలను భూమిలో పూడ్పింపవలెనని ఆదేశించినది. 2024 మార్చిలో, అంతటను అట్లు చేయుట సాధ్యము కాదని ఆ యుత్తర్వును సవరించి, నిపుణుల సంఘమును నియమించినది; వాతావరణ మార్పుల కీడు నుండి రక్షణ పొందుట ప్రజల హక్కు అనియు ఆ తీర్పుననే చెప్పినది. న్యాయస్థానము ఎదుటనే రెండు ధర్మములు ఎదురుబొదురుగా నిలిచినవి.

వాటాదారునకు ఇందు పాత్ర ఎంత? హింస మూడు విధముల అంటును: తాను చేయుట, ఒరులచే చేయించుట, చేసినదానిని అనుమోదించుట. కంపెనీ క్రొత్తగా వాటాలు జారీ చేయునప్పుడు కొన్నవాని సొమ్మే స్తంభమగును, రెక్క యగును, అతడు చేయించినవాడే. స్టాకు మార్కెట్టున మఱియొకని వద్ద కొన్నచో కంపెనీకి ఒక్క కాసును చేరదు. కావున తనకేమియు అంటదని అతడనవచ్చును. మంచిది, ఆ తర్కము ప్రకారము, దేశమున గాలి విద్యుత్తును పెంచితినని చెప్పుకొనుటకును అతనికి వీలులేదు. పాపము అంటనిచోట పుణ్యము మాత్రము ఎట్లంటును? నిజమునకు అతడు ఏటేట లాభపు లెక్క చూచి సంతసించుచునే యున్నాడు. ఆ సంతోషమే అనుమోదన.

గృహస్థుడు ముని కాడు. సంకల్పించి చంపుట అతనికి నిషిద్ధము. వృత్తి వ్యాపారములలో తప్పనిసరియైన హింసను జాగరూకుడై తగ్గించుకొనుట అతని వంతు. కనుక ఈ వాటాలు కొనుట వ్రతభంగము కాదు. విచారింపవలసినది భావమును. తమిళనాట ముప్పందల్, పల్లడం, ఉడుమలపేట ప్రాంతములలో మిల్లు యజమానులు పలువురు స్వయముగా మరలు నిలిపిరి. మర వెలలో నూటికి 80 వంతులు మొదటి యేటనే తరుగుదలగా వ్రాసికొని పన్ను మిగుల్చుకొను సదుపాయము చిరకాలము నడచినది. 2012లో ఆ రాయితీలు ఆగిపోగా, తరువాతి సంవత్సరమున దేశమున క్రొత్త మరల స్థాపన ఇంచుమించు సగమునకు పడిపోయినది. గాలి మాత్రము తగ్గలేదు! ఎవరి దృష్టి దేనిపై నుండెనో ఇంతకంటె స్పష్టముగ తెలుపు లెక్క యుండదు.

వాటాల ధరయును అట్టిదే. సుజ్‌లాన్ కంపెనీ 2005లో ప్రజలకు వాటాలు విక్రయించినది. 2008 ఆరంభమున వాని వెల శిఖరమునకెక్కినది. 2020లో రెండు రూపాయలకంటె దిగువకు జాఱినది. ధర్మకార్యమని నమ్మి కొన్నవానికి ఆ పతనమున నిద్ర పట్టకపోయినచో, అది పరిగ్రహమే గాని ధర్మము కాదు. పరిగ్రహ పరిమాణ వ్రతము ఇంత చాలునని ముందే హద్దు గీయుమనును. కంపెనీ ఏ వస్తువు చేయునదైనను ఆ హద్దు మాఱదు.

వాటాదారునకు కంపెనీ సర్వసభ్య సమావేశమున ప్రశ్నించు హక్కున్నది. డివిడెండు ఎంత యని అడుగుటకు లేచినవాడే, మరల క్రింద ఏటికి ఎన్ని పక్షులు పడినవో లెక్క గట్టించితిరా యనియు అడుగవచ్చును. స్పెయిన్ దేశపు తారిఫా ప్రాంతమున మనుష్యులను కావలి యుంచి, రాబందులు సమీపించినపుడు ఆయా మరలను నిలిపివేసిరి. వాని చావులు సగమునకు తగ్గినవి. విద్యుత్తులో కలిగిన నష్టము నూటికి 0.07 వంతు. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు మరలకు మూడేసి రెక్కలలో ఒక్కొక్కదానికి నల్లరంగు పూయగా పక్షుల చావులు నూటికి 70 వంతులు తగ్గినవి. చాల్కేవాడి మరలకు అట్టి రంగు పూయుటకు ఎంత వ్యయమగునో ఏ వాటాదారుడైనను అడిగి తెలిసికొనదగినదే.