కుక్క కోసం ఏడవొచ్చా?

ఇంట్లో పెంచుకున్న కుక్క చచ్చిపోయిందనుకోండి. పిల్లలు అన్నం ముట్టరు. సరిగ్గా అప్పుడే పక్కింటాయన వచ్చి, "కుక్క కోసం ఇంత ఏడుపా? తృష్ణే దుఃఖానికి మూలమని మీ బుద్ధుడు చెప్పలేదా?" అంటాడు. మనలో చాలామందికి వెంటనే జవాబు తోచదు.

విశాఖ కథ గుర్తు చేసుకోండి. మనవరాలు పోయిన దుఃఖంలో ఆమె తథాగతుడి దగ్గరికి వచ్చింది. శ్రావస్తిలో ఉన్నంతమంది నీకు పిల్లలూ మనవలూ కావాలా అని ఆయన అడిగాడు. కావాలంది. మరి ఊళ్లో రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు కదా, నీ ఏడుపు ఎప్పుడు ఆగుతుంది అన్నాడు. దీన్ని పట్టుకుని అసలు ప్రేమించడమే తప్పు అనేవాళ్లున్నారు. అది సగం చదువు. ఒక్కగానొక్క బిడ్డను తల్లి ఎలా కాచుకుంటుందో, ప్రాణులన్నిటి మీదా అలాంటి మనసు పెంచుకోమని మెత్త సుత్తంలో చెప్పింది కూడా బుద్ధుడే. ప్రేమను వదలమనలేదు. "నాది కాబట్టి పోకూడదు" అనే పట్టును వదలమన్నాడు. చచ్చిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం తిరిగిన కిసాగోతమిని ఆయన ఎగతాళి చెయ్యలేదు, ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుని రమ్మన్నాడు.

పక్కింటాయన మాటకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఓదార్పు మాట. మాకు తెలిసిన ఒక కుటుంబం దీక్ష తీసుకుని చాలా ఏళ్లయింది. వాకిట్లో పన్నెండేళ్లు కాపలా కాసిన వాళ్ల నల్లోడు మొన్న ఎండాకాలం పోయాడు. నాలుగో తరగతి చదివే పాప వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాయనమ్మ అంది: "ఊరుకో తల్లీ, వచ్చే జన్మలో మనిషై పుడతాడులే."

ముసలమ్మ ప్రేమకు వంక పెట్టలేం. ఆ మాట పుట్టిల్లు మాత్రం చూడండి. మంచి నడవడి ఉంటే బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య జన్మలు వస్తాయనీ, చెడు నడవడి ఉంటే కుక్కగానో పందిగానో చండాలుడిగానో పుడతారనీ ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయం అంటుంది. కుక్కా, మన తాతముత్తాతలూ ఒకే వరసలో! మనుస్మృతి పదో అధ్యాయమైతే కుక్కలూ గాడిదలే చండాలుల ఆస్తి అంది. నల్లోడిని పై మెట్టుకి పంపి సంతోషపడితే ఆ నిచ్చెనను ఒప్పుకున్నట్టే కదా?

మనలో కొందరికి కుక్క ఊసే చిన్నతనం. ఎందుకో తెలుసు. మహాద్ చవదార్ చెరువులో పశువులు తాగే నీళ్లు మనుషులు తాగడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ దారి చూపాల్సి వచ్చింది. ఆ అవమానం చేసింది మనుషులు, కుక్కలు కాదు. నన్నడిగితే, ఊళ్లో ఎవరి చేతి కూడైనా మైల అనకుండా తిన్నది అదొక్కటే. 1934 ఫిబ్రవరిలో రాజగృహలో తీసిన ఫొటో చూశారా? బాబాసాహెబ్, రమాబాయి, యశ్వంత్, ఇంకా ఇంటివాళ్లు. వాళ్లతోపాటు ఆయనకు ఇష్టమైన కుక్క టాబీ కూడా ఉంది.

మరి పాపకేం చెప్పాలి? బాబాసాహెబ్ రాసిన, 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో దీనికి దారి ఉంది. ఒంట్లోంచి ఒంట్లోకి దూకే ఆత్మ అంటూ లేదు. మట్టి, నీరు, వేడి, గాలి దేనికది వెళ్లి కలుస్తాయి. వాళ్ల నాన్న పాపను వేపచెట్టు కిందికి తీసికెళ్లి, "ఇక్కడే ఉన్నాడమ్మా, మట్టైపోతాడు, ఈ చెట్టుకు చేరతాడు, మనల్ని మాత్రం మళ్లీ చూడడు" అన్నాడు. చివరి మాట చెప్పడం కష్టం. కానీ అబద్ధమాడితే, ఆ పిల్ల పెద్దయ్యాక మనం చెప్పిన మిగతావాటిని కూడా అనుమానిస్తుంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది శ్రాద్ధం, పిండం వద్దంటుంది. పదమూడోది ప్రాణులన్నిటి మీదా కరుణ చూపి కాపాడమంటుంది. కాబట్టి దినాలూ పిండాలూ అక్కర్లేదు. పాతిపెట్టి, కొవ్వొత్తి వెలిగించి, త్రిశరణం, పంచశీలం చెప్పుకోండి. పిల్లల్ని ఏడవనివ్వండి. దినాలకయ్యే డబ్బుతో వీధి కుక్కలకు రేబిస్ టీకా వేయించండి, ఎండాకాలం గేటు బయట ఒక తొట్టిలో నీళ్లు పెట్టండి.