సాలీడు విషం పాపమా?

విషమున్న జీవి పాపిష్ఠిదా అన్న ప్రశ్నకు శైవ కథలు ఏనాడో కాదని చెప్పేశాయి. శ్రీకాళహస్తి క్షేత్రం పేరులో పాముకూ ఏనుగుకూ ముందు నిలిచింది సాలీడే. శివలింగం మీద అది గూడు అల్లింది. దీపం మంటకు గూడు కాలిపోతే ఆ దీపాన్నే మింగబోయింది. తమిళనాట తిరువానైక్కావల్ కథ ఇంకా గట్టిది. రోజూ తన గూడును చెరిపేస్తున్న ఏనుగు తొండంలో దూరి సాలీడు కుట్టింది, రెండూ చచ్చాయి. అయినా మరుజన్మలో ఆ సాలీడే కోచ్చెంగట్ చోళుడనే రాజైందంటారు.  

వైద్యం వేరే దారి పట్టింది. సుశ్రుత సంహిత కల్పస్థానం ప్రకారం విశ్వామిత్రుడి మీద కోపంతో వసిష్ఠుడికి పట్టిన చెమట గడ్డి మీద పడి సాలీళ్లు పుట్టాయి. వాటిలో 16 రకాలుంటే 8 రకాల విషానికి మందు లేదట. అంటే విషం గడ్డకట్టిన కోపం. వినడానికి బాగుంటుంది గాని, సాలీడుకు కోపంతో పని లేదు.

ఇప్పటికి గుర్తించిన సాలీడు జాతులు 50,000 పైమాటే. కొద్ది జాతులకు తప్ప అన్నిటికీ విషం ఉంది, అది పురుగు కోసం ఏర్పడింది. అందులోని చిన్న ప్రోటీన్లు నరాల కణాల ద్వారాలను పట్టేస్తాయి, పురుగు కదల్లేకపోతుంది. తర్వాత సాలీడు జీర్ణరసంతో దాన్ని కరిగించి పీల్చుకుంటుంది. మనిషి చర్మంలోకి చాలా సాలీళ్ల కోరలు దిగనే దిగవు. బ్లాక్ విడో అనే సాలీడు కుడితే నరాల చివర్లలోని రసాయనాలు ఒక్కసారిగా బయటపడతాయి. కండరాలు బిగుసుకుపోయి ఒళ్లంతా చెమటలు పోస్తాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఫనెల్ వెబ్ సాలీడు సంగతి మరీ విచిత్రం. మగ సాలీడు విషం మనుషుల్ని, కోతుల్ని చంపగలదు, కుక్కలకూ పిల్లులకూ అంత హాని చేయదు. మనిషి అడుగు పెట్టక ముందు ఆస్ట్రేలియాలో కోతిజాతి జంతువే లేదు. ఎన్నడూ ఎదురుపడని జీవి మీద పగ పెంచుకోవడం ఎవరికి సాధ్యం? హాని ఆ ద్రవంలోనే లేదు, దాన్ని అందుకునే నరంలోనూ ఉంది.

జీడిపిక్కలు కొట్టే పలాసలో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. జీడిపిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం కాలి పొక్కులొస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనో బూడిదో రాసుకుంటారు గాని చెట్టును పాపి అనరు. అక్కడి ఉద్దానం జీడితోటల్లో లేతకొమ్మల్నీ పూతనీ పీల్చి ఎండబెట్టే టీ దోమ అనే పురుగును సాలీళ్లు తింటాయి.

ఒంటి మీద దద్దుర్లు లేస్తే ‘పురుగు పాకింది’ అనేసి సాలీడు మీదికి తోసేయడం మామూలే. చాలాసార్లు అది సర్పి అనే చర్మవ్యాధో, ఇంకో పురుగు పనో అయి ఉంటుంది. నిజంగానే సాలీడు కుట్టి ఒళ్లు బిగుసుకుంటుంటే ఆసుపత్రికి వెళ్లాలి. పాముకాటు మందు ఈ విషానికి పనిచేయదు.

పాపానికి సంకల్పం ఉండాలి. సాలీడుకు ఆకలి ఉంది గాని సంకల్పం లేదు. ఏ పురుగుమందు, ఎప్పుడు, ఎంత కొట్టాలో ఎంచుకోగలిగినవాడు రైతు. టీ దోమ కోసం కొట్టిన మందుకు సాలీళ్లూ చస్తాయి. ఉద్దానం తోటల్లో ధర్మాధర్మాల విచారణ ఏదైనా ఉంటే అది అక్కడ మొదలుపెట్టాలి.